బ్యాటరీ వలన ఇంటి సంగీత యంత్రముల ధ్వని మెరుగగునా?

ఇంటిలో పాటలు వినుటకు వాడు యంత్రమును గోడలోని విద్యుత్తుతో గాక బ్యాటరీతో నడపినచో ధ్వని మెరుగగునా? ఈ ప్రశ్నను పై తరగతుల బాలబాలికలును, వారి తలిదండ్రులును మమ్ము పలుమారులు అడిగియున్నారు. కొందరు “బ్యాటరీ విద్యుత్తు స్వచ్ఛమైనది, కావున ధ్వనియు స్వచ్ఛముగా నుండును” అందురు. మరికొందరు “అది వట్టి భ్రమ, అంగడివారి మాట” అందురు. ఇరుపక్షములవారును తమ చెవులనే సాక్ష్యముగా చూపుదురు. ఒకే విషయమునకు రెండు విరుద్ధ సాక్ష్యములు వచ్చినప్పుడు పరీక్షయే శరణ్యము.

ఈ ప్రశ్న స్వల్పముగా తోచవచ్చును. కాని దీనిని సరిగా విచారింపకపోవుటచే రెండు నష్టములు కలుగుచున్నవి. మొదటిది ధననష్టము. కిష్టారెడ్డిపేట, పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము ప్రాంతములలో కర్మాగారములందు పాటుపడి కూడబెట్టిన సొమ్మును, యంత్రములోని దోషము ఏదో తెలియకయే, బ్యాటరీలపైనను వాని పరికరములపైనను వ్యయము చేయువారు కలరు. రెండవది ప్రాణాపాయము. స్పీకరులోని మ్రోతను మాన్పవలెనని ప్లగ్గునందలి ఎర్తు పిన్నును విరిచివేయు దురలవాటు అక్కడక్కడ కలదు. ఈ రెండవ విషయము వలననే మేము ఈ వ్యాసమును వ్రాయ బూనితిమి.

మా సమాధానమును ముందుగనే చెప్పెదము. బ్యాటరీ ధ్వనికి మాధుర్యమును చేర్చదు. విద్యుత్తు తీగ వెంట వచ్చు కొన్ని దోషములను మాత్రము అది లోనికి రానీయదు. ఆ దోషములున్నచోట బ్యాటరీ మేలు చేయును. లేనిచోట దానివలన ప్రయోజనము లేదు. కావున మొదట తెలిసికొనవలసినది దోషము ఎక్కడ నున్నదనియే.

౧. మ్రోత యొక్క జన్మస్థానము

మనకు చేరువనున్న రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమున టర్బైనులును, విద్యుత్తును పుట్టించు జనరేటరులును తయారగుచున్నవి. పెద్ద థర్మల్ కేంద్రములలోని రెండు ధ్రువముల జనరేటరు నిమిషమునకు 3000 మారులు తిరుగును. 3000ను 60చే భాగించినచో 50 వచ్చును. అనగా సెకనుకు 50 మారులు ఆ విద్యుత్తు ముందునకు వెనుకకు ప్రవహించును. దీనినే ఏకాంతర విద్యుత్తు అందురు. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు.

సంగీత యంత్రములోని ఆంప్లిఫయరునకు ఇట్లు ఊగులాడు విద్యుత్తు పనికిరాదు. ఒకే దిశలో ప్రవహించు ఏకముఖ విద్యుత్తు దానికి కావలెను. కావున యంత్రములో మొదట ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించును. పిమ్మట డయోడులు విద్యుత్తును ఒకే దిశకు మరల్చును. అప్పుడు ప్రవాహము ఏకముఖమే యగును గాని సమముగా నుండదు. సెకనుకు 100 తరంగములుగా ఎత్తుపల్లములతో వచ్చును. ఆ పల్లములను పూడ్చుటకు కెపాసిటరు అను పరికరమును అమర్చుదురు. చెరువు వాననీటిని నిలువచేసి వానలేని దినములలో పొలమునకు ఇచ్చునట్లు, కెపాసిటరు తరంగము ఎత్తుననున్నప్పుడు విద్యుత్తును నిలువచేసి, పల్లముననున్నప్పుడు విడుచును. చెరువునకు గండిపడినచో పొలము ఎండును. కెపాసిటరు పాతబడి ఎండిపోయినచో స్పీకరులో గుంయ్‌మను మ్రోత బయలుదేరును.

ఈ మ్రోతలో రెండు తెగలు కలవని మీరు గుర్తింపవలెను. సెకనుకు 50 ఆవృత్తుల మ్రోత మిక్కిలి మంద్రముగా నుండును. 100 ఆవృత్తుల మ్రోత దానికంటె ఒక స్థాయి పైన నుండును. ఈ రెండును పియానో మెట్లలోని జి స్వరమునకు సమీపమున నుండును. ఏలయనగా పియానోలోని అత్యంత మంద్రమైన జి స్వరము 49 ఆవృత్తులు, దాని పై జి స్వరము 98 ఆవృత్తులు కలది. సంగీతము నేర్చిన విద్యార్థి చెవితోనే ఈ భేదమును పట్టగలడు. సామాన్యముగా 100 ఆవృత్తుల మ్రోత యంత్రములోని విద్యుత్ సరఫరా భాగపు బలహీనతను తెలుపును. 50 ఆవృత్తుల మ్రోత తీగల అమరికలోని దోషమునైనను, దగ్గరనున్న ట్రాన్స్‌ఫార్మరు యొక్క అయస్కాంత ప్రభావమునైనను తెలుపును.

మ్రోతయే గాక చిటపటలును గరగరలును వేరుగా కలవు. బావి మోటారు, పిండిమర, వెల్డింగు యంత్రము, లిఫ్టు, పంకా రెగ్యులేటరు, చౌకరకపు ఎల్.ఇ.డి. దీపము: ఇవన్నియు తమ అలజడిని తీగలలోనికి వదలును. కర్మాగారముల నడుమ నివసించువారికి ఇట్టి అలజడి తగులు అవకాశము ఎక్కువ.

౨. పూర్వపు రేడియోల కథ

బ్యాటరీతో ధ్వనియంత్రమును నడపుట నేటి క్రొత్త తలంపు కాదు. చరిత్రను చూచినచో అదియే ముందు. గోడ విద్యుత్తు తరువాత వచ్చినది.

1920 ప్రాంతపు రేడియోలలో గాజు వాల్వులుండెడివి. వానికి మూడు విధములైన బ్యాటరీలు కావలసియుండెను. వాల్వులోని తీగను కాల్చుటకు 2 లేక 6 వోల్టుల ‘ఏ’ బ్యాటరీ. వాల్వులో ప్రవాహమును నడపుటకు 90 వోల్టులును అంతకు మించియు గల ‘బీ’ బ్యాటరీ. గ్రిడ్డునకు ‘సీ’ బ్యాటరీ. ‘ఏ’ బ్యాటరీ తరచుగా సీసము, గంధకికామ్లము గల సెల్లు. దానిని అప్పుడప్పుడు అంగడికి మోసికొనిపోయి ఛార్జి చేయించవలసివచ్చెడిది. ఆమ్లము ఒలికి తివాచీలు కాలుటయు కలదు. అయినను ఒక సుగుణము మాత్రము ఉండెను: ఆ రేడియోలలో గోడ విద్యుత్తు మ్రోత లేదు.

ఈ బాధను తప్పించుటకై ‘బ్యాటరీ ఎలిమినేటరు’, అనగా బ్యాటరీ అక్కరలేకుండ చేయు పెట్టె, వెలసినది. మన పాఠశాలల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నేటికిని ఆ పేరే వాడుకలో నున్నది. 1925లో కెనడా దేశమున ఎడ్వర్డ్ రోజర్సు అను యువకుడు బ్యాటరీ లేకుండ గోడ విద్యుత్తుతో నడచు రేడియోను విక్రయమునకు తెచ్చెను. శ్రమ తగ్గెను గాని మ్రోత ఇండ్లలో ప్రవేశించెను. పరోక్షముగా వేడెక్కు వాల్వులు, మెరుగైన కెపాసిటరులు వచ్చినకొలది ఇంజనీరులు ఆ మ్రోతను అణచిరి. ఇరువది ముప్పది సంవత్సరముల పరిశ్రమకు ఫలముగా సామాన్యుని ఇంటి రేడియో గోడ విద్యుత్తుతోనే నిశ్శబ్దముగా పాడ నేర్చెను.

మన తెలుగు నేలను చూడుడు. హైదరాబాదులో హుసేన్‌సాగరు ఒడ్డున 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రము వెలసినది. 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వపు డెక్కన్ రేడియో 200 వాట్టుల శక్తితో ప్రసారములు ఆరంభించెను. 1938 జూను 16న మదరాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆకాశవాణిలో చేరెను. 1950 ఏప్రిలు 1న హైదరాబాదు కేంద్రము ఆకాశవాణి పాలనలోనికి వచ్చెను. రేడియో ఇట్లు వ్యాపించుచున్న కాలమున మన పల్లెలలో అధికభాగమునకు విద్యుత్తు తీగ చేరియుండలేదు. అందుచే పల్లెలో రేడియో యనగా బ్యాటరీ రేడియోయే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. పిమ్మట కొలది టార్చిలైటు సెల్లులతో నడచు చిన్న రేడియోలు పొలముగట్లమీదికిని వచ్చెను.

ఈ చరిత్ర మనకు నేర్పు పాఠమేమి? పల్లెవారు బ్యాటరీని ఎన్నుకొనినది ధ్వని మాధుర్యమును కోరి కాదు. వేరు దారి లేక. పట్టణవారు బ్యాటరీని విడిచినది ధ్వని చెడవలెనని కాదు. మ్రోతను అణచు విద్య వృద్ధి పొందుటచేత.

౩. బ్యాటరీ మేలు చేయు తావులు

ఇక నేటి యంత్రములను విచారింతము. బ్యాటరీ వలన నిజముగా మేలు కలుగు తావులు ముఖ్యముగా మూడు.

మొదటిది, సంకేతము మిక్కిలి చిన్నదిగా నుండు తావు. గ్రామఫోను రికార్డులపై నడచు సూది పరికరములలో మూవింగు కాయిలు రకమునుండి వచ్చు సంకేతము వోల్టులో రెండువేలవ వంతు, అనగా అర మిల్లీవోల్టు మాత్రమే. దానిని వేయింతలు పెంచినగాని ఆంప్లిఫయరునకు చాలదు. దానితో కలసి చొరబడిన మ్రోతయు వేయింతలగును. అందుచే ఇట్టి తొలి ఆంప్లిఫయరులను బ్యాటరీతో నడచునట్లు కొందరు తయారుచేయుదురు. ట్రాన్స్‌ఫార్మరే లేనప్పుడు దాని అయస్కాంత ప్రభావమును లేదు. మైకునుండి వచ్చు సంకేతమును ఇట్లే చిన్నది. ఆరుబయట పక్షుల కూతలను, జానపద గేయములను రికార్డు చేయువారు బ్యాటరీ యంత్రములను వాడుటకు ఇదియు ఒక కారణము.

రెండవది, ఎర్తు వలయము ఏర్పడు తావు. రెండు యంత్రములు వేరువేరు ప్లగ్గుల ద్వారా ఎర్తునకు చేరి, వాని నడుమ సంకేతపు తీగయు ఉన్నచో, ఒక పెద్ద ఉంగరము ఏర్పడును. రెండు ఎర్తుల వోల్టులలో స్వల్ప భేదమున్నను ఆ ఉంగరమున విద్యుత్తు పారి మ్రోతగా వినబడును. లాప్‌టాపును ఛార్జరుతో నుంచి స్పీకరులకు కలిపినప్పుడు మ్రోత వచ్చుటయు, ఛార్జరు తీసినంతనే మ్రోత మానుటయు మీలో పలువురకు అనుభవమే. అక్కడ ఒక యంత్రము బ్యాటరీమీద నడచుటచే ఉంగరము తెగినది. ధ్వని మెరుగైనది నిజమే. కాని మెరుగుపరచినది బ్యాటరీలోని స్వచ్ఛత కాదు, ఉంగరము తెగుటయే.

మూడవది, విద్యుత్ సరఫరా భాగము నాసిరకముగా నున్న తావు. కొన్ని చిన్న ఆంప్లిఫయరులతో వచ్చు చౌక అడాప్టరులు సన్నని ఈలవంటి శబ్దమును పుట్టించును. అట్టి యంత్రమును 12 వోల్టుల బ్యాటరీతో నడపినచో ఆ ఈల మానును. అయితే మంచి అడాప్టరు వాడినను అది మానును. తరచుగా అదియే సులభమైన మార్గము.

౪. మేలు చేయని తావు

మంచి యంత్రములో సరఫరా అలజడి చెవిని చేరునా? గణితముచే చూతము. కొన్ని అంకెలు ఊహించుకొందము. ఆంప్లిఫయరునకు అందు విద్యుత్తులో వోల్టులో పదియవ వంతు అలజడి మిగిలియున్నదనుకొనుడు. చక్కగా నిర్మింపబడిన ఆంప్లిఫయరు సరఫరాలోని అలజడిని తనలోనికి రానీయదు. దాని నిరోధము 80 డెసిబెలులనుకొందము. వోల్టుల లెక్కలో ప్రతి 20 డెసిబెలులును పదింతలు గావున, 80 డెసిబెలులనగా పదివేలింతలు. అలజడి పదివేలవ వంతుకు తగ్గి, స్పీకరునకు చేరునది వోల్టులో లక్షవ వంతు మాత్రమే యగును.

సామాన్యపు స్పీకరునకు 2.83 వోల్టులు ఇచ్చినచో ఒక మీటరు దూరమున 88 డెసిబెలుల ధ్వని వచ్చుననుకొందము. లక్షవ వంతు వోల్టు దానికంటె సుమారు 2,83,000 రెట్లు చిన్నది. అనగా 109 డెసిబెలులు తక్కువ. 88 నుండి 109 తీసివేసినచో సున్నకు 21 దిగువ. 100 ఆవృత్తుల శబ్దమును ఆరోగ్యమైన చెవి వినవలెనన్నచో సుమారు 25 డెసిబెలులు ఉండవలెను. కావున ఈ మ్రోత వినికిడికి ఎంతయో దిగువన నున్నది. అదివరకే వినబడని దానిని బ్యాటరీ తొలగించినను వినువానికి కలుగు లాభమేమి?

2016లో జపాను దేశమునందలి కొందరు సంగీతప్రియులు తమ ఇంటికి ప్రత్యేకముగా విద్యుత్ స్తంభమును, ట్రాన్స్‌ఫార్మరును నాటించుకొనిరను వార్త అమెరికా పత్రికలలో ప్రకటింపబడినది. వారి ఉత్సాహము మెచ్చదగినదే. కాని నునుపైన గోడలు, పలకరాతి నేల గల మన గదులలో ప్రతిధ్వనులు మాటలను కలిపివేయుచుండగా, స్తంభమును గూర్చి చింతించుట కంటె ఒక చాపను పరచి, తెరను కట్టి, స్పీకరును మూలనుండి ఒక మూర ఇవతలికి జరుపుట మేలు. దీనికి వ్యయము స్వల్పము. భేదము ఎల్లరకును వినబడును.

౫. పేరునకు మాత్రము బ్యాటరీలు

తలిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నంతమాత్రమున సంగీత యంత్రము బ్యాటరీపై నడచుచున్నదని తలంపరాదు. కరెంటు ఉన్నంతసేపును సామాన్యపు ఇన్వర్టరు గోడ విద్యుత్తునే యంత్రములకు పంపుచు, తన బ్యాటరీని ఛార్జి చేసికొనుచుండును. కరెంటు పోయినప్పుడు బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును మరల ఏకాంతర విద్యుత్తుగా మార్చి ఇచ్చును. సంగీత యంత్రము దానిని మరల ఏకముఖముగా మార్చుకొనును. ధాన్యమును మరపట్టించి, పిండిని మరల గింజలుగా చుట్టి, తిరిగి మరకు పంపినట్లున్నది ఈ పని.

అంతేగాక చౌకరకపు ఇన్వర్టరు ఇచ్చు తరంగము నునుపైనది గాక చదరపు ఆకృతి గలది. అట్టి తరంగములో 50 ఆవృత్తులతోబాటు 150, 250, 350 మొదలగు ఆవృత్తులును కలసియుండును. పంకాలు గుర్రుమనుటకును, ట్రాన్స్‌ఫార్మరులు బుర్రుమనుటకును ఇదియే కారణము. కనుక ఇట్టి ఇన్వర్టరు వలన ధ్వని చెడుటకే అవకాశము కలదు. సైను వేవు ఇన్వర్టరులలో ఈ దోషము తక్కువ.

పవర్ బ్యాంకును ఇట్టిదే. దానిలోని లిథియము సెల్లు ఇచ్చునది సుమారు 3.7 వోల్టులు. దానిని 5 వోల్టులకు పెంచుటకు లోపల సెకనుకు లక్షల మారులు వెలుగుచు ఆరుచునుండు స్విచ్చి యంత్రము కలదు. కావున పవర్ బ్యాంకునుండి వచ్చునది శుద్ధ బ్యాటరీ విద్యుత్తని చెప్పుటకు వీలులేదు.

౬. బ్యాటరీకి గల హద్దులు

బ్యాటరీలోను లోపములు కలవు. ప్రతి సెల్లునకును అంతర్నిరోధము అను గుణముండును. ఆల్కలైను టార్చి సెల్లు ఒకదాని నిరోధము సుమారు 0.2 ఓము అనుకొందము. ఎనిమిదింటిని వరుసగా కూర్చినచో 1.6 ఓములు. తబలా, మృదంగముల దెబ్బకు ఒక ఆంపియరు ప్రవాహము కావలసివచ్చినచో 1.6 వోల్టులు అక్కడనే పడిపోవును. దెబ్బలోని బిగువు తగ్గును. 12 వోల్టుల, 7 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ నిరోధము సుమారు 0.025 ఓము మాత్రమే గావున అదే ప్రవాహమునకు పడిపోవునది 0.025 వోల్టు. కావున బ్యాటరీలన్నియు ఒకటి కావు.

బలమునకును హద్దు కలదు. 12 వోల్టులతో 8 ఓముల స్పీకరునకు, వంతెన పద్ధతి ఆంప్లిఫయరు వాడినను, లెక్కప్రకారము 9 వాట్టులకు మించి ఇయ్యజాలము. చిన్న గదికి ఇది చాలును. పెండ్లి పందిలికి చాలదు. హద్దు మీరి పెంచినచో తరంగముల శిరస్సులు తెగి, ధ్వని గరుకుగా మారును. ఇక కాలము: 12ను 7చే గుణించిన 84 వాట్టు-గంటలు. యంత్రము 10 వాట్టులు వాడినచో సుమారు ఎనిమిది గంటలు నడచును. కాని సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేయుచున్నచో దాని ఆయువు తగ్గును. కావున నాలుగు గంటలే సరియైన లెక్క.

అపాయములను మరువరాదు. సీసపు బ్యాటరీలో గంధకికామ్లము కలదు. ఛార్జి అగునప్పుడు మండు గుణముగల హైడ్రోజను వాయువు వెలువడును. దాని రెండు ధ్రువములపై ఇనుప స్పానరు పడినచో వందల ఆంపియరులు ఒక్కసారిగా ప్రవహించి మంటలు లేచును. ధ్రువమునకు చేరువనే ఫ్యూజు ఉండవలెను. లిథియము బ్యాటరీ మంటలు ఇంకను భయంకరములు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటరుల దుకాణము గల భవనమున అగ్నిప్రమాదము జరిగి, పై అంతస్తుల వసతిగృహములోని ఎనిమిదిమంది మరణించిన సంగతి మన ప్రాంతమువారు మరువజాలరు. బాలురు పాత సెల్లులను విప్పి, తామే ప్యాకులు కూర్చుట ఎంతమాత్రమును తగదు.

౭. దోషమును కనుగొను పరీక్ష

విద్యార్థులారా, సొమ్ము వ్యయము చేయకముందు ఈ క్రింది పరీక్షను పెద్దల సమక్షమున వరుసగా చేయుడు. దీనికి యంత్రమును విప్పనక్కరలేదు.

మొదట, పాటను ఆపి వాల్యూమును పూర్తిగా తగ్గించుడు. అప్పటికిని మ్రోత తగ్గక నిలిచినచో దోషము సరఫరా భాగములోనో, చివరి ఆంప్లిఫయరులోనో కలదు. వాల్యూముతోబాటు మ్రోతయు పెరుగుచు తగ్గుచున్నచో దోషము దానికి ముందుగనే చొరబడుచున్నది.

రెండవది, యంత్రమును ఆపి సంకేతపు తీగను ఊడదీసి, మరల వేసి వినుడు. మ్రోత మానినచో తీగలోనో, అవతలి యంత్రములోనో, ఎర్తు వలయములోనో దోషము కలదు.

మూడవది, లాప్‌టాపునకును సెల్ ఫోనునకును ఛార్జరు తీసి వినుడు. ఇది ఉచితముగా లభించు బ్యాటరీ పరీక్ష. మ్రోత మానినచో యంత్రములన్నిటిని ఒకే ప్లగ్గు బోర్డునకు చేర్చి చూడుడు. అప్పటికిని మానకున్నచో, సంకేతపు తీగ మధ్య ఉంచు చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మరు వాడవచ్చును.

నాలుగవది, పంకా రెగ్యులేటరును, దీపములను, మోటారును ఒకటి తరువాత ఒకటిగా ఆపి వినుడు. ఏది ఆపినప్పుడు గరగర మానునో అదియే దొంగ.

ఇవన్నియు చేసిన పిమ్మటను బ్యాటరీ మేలనిపించినచో గుడ్డి పరీక్ష చేయవలెను. ఏలయనగా మనస్సు ఏది మేలని ముందుగా నమ్మునో చెవి దానినే వినును. ఇద్దరు బాలురలో ఒకడు తెర వెనుక నుండి నాణెము ఎగురవేసి, బొమ్మ పడినచో బ్యాటరీని, బొరుసు పడినచో అడాప్టరును పెట్టి వ్రాసికొనవలెను. వాల్యూము బొత్తామును ముట్టరాదు; కొంచెము బిగ్గరగా వినబడినదే మేలుగా తోచుట మానవ సహజము. తెర ఇవతలివాడు ఏది నడచుచున్నదో చెప్పవలెను. ఇట్లు పదిమారులు చేయుడు.

ఊహించి చెప్పువానికిని పదింట అయిదు సరిపోవును. పది పరీక్షలకు జరుగగల తీరులు మొత్తము 1024. అందు తొమ్మిది గాని పది గాని సరియగు తీరులు 10, 1 కలిపి 11 మాత్రమే. అనగా నూటికి సుమారు ఒకటి. కావున తొమ్మిదింటిని సరిగా చెప్పినవాడు నిజముగనే భేదమును వినుచున్నాడని నమ్మవచ్చును. అయిదారు మాత్రమే చెప్పినవాడు సిగ్గుపడనక్కరలేదు. తన సొమ్మును కాపాడుకొన్నాడని సంతసింపవలెను.

౮. ఎర్తు పిన్నును విరువరాదు

ఇపుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఎర్తు వలయపు మ్రోత ఎర్తు పిన్నును తీసివేసినచో మానును. ఈ రహస్యము తెలిసిన కొందరు మైకు సెట్టువారును, ఇండ్లవారును ఆ పిన్నును విరిచియో, టేపు చుట్టియో వాడుదురు. మ్రోత మానును, దానితో రక్షణయు మానును.

ఎర్తు తీగ ఏల ఉన్నది? యంత్రము లోపల 230 వోల్టుల తీగ ఊడి లోహపు పెట్టెను తాకినచో, ఆ విద్యుత్తు ఎర్తు తీగగుండ భూమికి పారి, ఫ్యూజు పోవును, మనుష్యుడు బ్రదుకును. ఎర్తు లేనిచో ఆ విద్యుత్తు పెట్టెలోను, దానికి కలిపిన మైకులోను పొంచియుండును. తడిచేతితో మైకు పట్టినవాని దేహమే దానికి దారి యగును. ఇండ్లలో అమర్చు రక్షణ స్విచ్చి 30 మిల్లీ ఆంపియరుల కారుటకే తెగునట్లు చేయబడినదనగా, ఎంత స్వల్ప విద్యుత్తు ప్రాణాంతకమో ఊహించుకొనుడు.

1972 మే 3న బ్రిటనులోని స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు, సరిగా ఎర్తు చేయని మైకును తాకి, వేదికపైననే మరణించెను. 2005 అక్టోబరు 30న అమెరికాలోని వేకో నగరమున ఒక సంఘ కాపరి బాప్తిస్మపు తొట్టిలో నీటియందు నిలిచి మైకును అందుకొనగా విద్యుద్ఘాతమున ప్రాణము విడిచెను. గుడిలోనైనను, బడిలోనైనను, మందిరములోనైనను, పెండ్లి పందిలిలోనైనను మైకు పట్టు ప్రతివారును ఈ సంగతులను ఎరిగియుండవలెను. మ్రోత చెవికి మాత్రమే బాధ.

మ్రోతను సహింపలేనివారు బ్యాటరీ ఆంప్లిఫయరును వాడుట ఇట్టిచోట నిజముగా తెలివైన పని. వాన పడునట్టి ఆరుబయలున, తీగల అమరిక నమ్మరాని చోట, గోడ విద్యుత్తుతో సంబంధమే లేకుండ 12 వోల్టులతో మైకును నడపినచో 230 వోల్టుల భయముండదు. బ్యాటరీ ఇచ్చు మేలులలో మాధుర్యము కంటె ఈ అభయమే గొప్పదని మా అభిప్రాయము.

౯. ముగింపు

చెప్పినదానిని సంగ్రహింతము. సంకేతము మిక్కిలి చిన్నదైనచోట, ఎర్తు వలయమున్నచోట, సరఫరా నాసియైనచోట బ్యాటరీ వలన ధ్వని మెరుగగును. మంచి యంత్రమునకు, మంచి అమరికకు బ్యాటరీ చేర్చునది చెవికి అందదు. ఇన్వర్టరును, పవర్ బ్యాంకును శుద్ధ బ్యాటరీలని భ్రమింపరాదు. మొదట దోషమును వెదకి, పిమ్మట మందును కొనవలెను. వైద్యుడు నాడి చూడకయే మందీయడు గదా! చెవి చెప్పినదానిని గౌరవింపుడు. కాని పరీక్షించి గౌరవింపుడు. ఎర్తు పిన్నును మాత్రము ఎన్నడును విరువకుడు.

అభ్యాస ప్రశ్నలు

1. రెండు ధ్రువముల జనరేటరు నిమిషమునకు 3000 మారులు తిరిగినచో సెకనుకు 50 ఆవృత్తులు ఏల వచ్చును? నాలుగు ధ్రువములున్నచో అదే ఆవృత్తులకు అది ఎన్ని మారులు తిరుగవలెను?

2. ఛార్జరు తీసినంతనే లాప్‌టాపు స్పీకరుల మ్రోత మానినది. దీనినిబట్టి లాప్‌టాపు చెడినదని చెప్పవచ్చునా? కారణము వ్రాయుము.

3. 12 వోల్టుల, 26 ఆంపియరు-గంటల బ్యాటరీతో 20 వాట్టుల యంత్రమును, బ్యాటరీని సగము మాత్రమే ఖాళీచేయుచు, ఎన్ని గంటలు నడపవచ్చును?

4. పది గుడ్డి పరీక్షలలో ఎనిమిదియు అంతకు మించియు ఊహచేతనే సరియగుటకు గల అవకాశమును లెక్కించుము.

5. మీ ఇంటిలోని ప్లగ్గులను పెద్దలతో కూడ పరిశీలించి, ఎర్తు పిన్ను లేనివి ఎన్నియున్నవో వ్రాసికొని రమ్ము. స్వయముగా దేనిని విప్పవలదు.